మిర్యాలమ్మ రైక

"కాకా, నీ ఫోన్ల గా తెల్లోళ్లు చేతులు పట్టుకొని గుండ్రంగ తిరుగుతున్నరు, గదేం డాన్సు?"

గదా? కూసో, చెప్త. అది రొమేనియా టీవీ. జూడు, ఆడోళ్లందరికి తెల్ల రైకలు, చేతుల నిండ ఎర్రదారం నల్లదారం పువ్వులు. మనోళ్లు బతుకమ్మ సుట్టు తిరిగినట్టే, కాకపోతే పక్కన ఫిడేలు ఆగకుంట వాయిస్తరు. రూమోళ్లు తిడ్తరు గని నేను జూస్త.

అజీజియా బజార్ల నేను తోబులు, అరబ్బోళ్ల పొడుగు తెల్లంగీలు, కుట్టే దుకాణం తెల్సు గద నీకు. పోయినేడు... కాదు కాదు, అంతకు ముందటేడు, మీ చిన్నమ్మకు కంటి ఆపరేషన్ అయినప్పుడు, ఆ దుకాణానికి ఒక నర్సు పిల్ల వచ్చింది. పేరు మిరేలా. నాకు నోరు తిరగక మిర్యాలమ్మ అన్న. నాకు ఇంగ్లీషు రాదు, ఆమెకు హిందీ రాదు, ఈ దేశమొచ్చి నెల గూడ కాలె, అరబీ అసలే రాదు. ఎంబడి వచ్చిన కేరళ నర్సేమో సంబూసా, గదే మన సమోసా, కొనుక్కోను పోయింది. నేను వచ్చిన కొత్తల రియాలుకు మూడు ఇచ్చేటోళ్లు, ఇప్పుడు... సరే, అది ఇడువు.

ఈ పిల్ల కవర్లకెల్లి రైక తీసి "ఇయె, ఇయె" అన్నది. ఏమియ్యాలె తల్లీ, నువ్వే గద రైక ఇయ్యాలె అనుకున్న! చంక కింద చినిగింది. సూది చూపెట్టి కుట్టాల్నా అన్న. "దా, దా" అన్నది. లేచి పోయి ఆమె ముంగట నిలవడ్డ. ఆమె ఎనక్కి జరిగింది. వచ్చి కూసున్న. మళ్ల అడిగితె మళ్ల "దా" అన్నది. మళ్ల లేచిన. నవ్వకురా, మోకాళ్ల నొప్పుల మనిషిని! ఇగ నాకు పక్కా అయింది, ఈ పిల్ల జగిత్యాల దిక్కు ఎవల దగ్గర్నో తెలుగు నేర్చిందని.

రైక చెయ్యి అంచు జెర్రంత కోసి ఆ ముక్క చంకకు ఏద్దామని కత్తెర పట్టిన. "నేను కోయాల్నా, పక్క మిషిను బంగాలీ కోయాల్నా?" అని తెలుగుల్నే అడిగిన. "నూ! నూ!" అని ఒర్రింది. నువ్వే కొయ్యి అంటున్నది, నా చెయ్యి మీద గంత నమ్మకం అనుకొని వేలెడంత కోసిన.

రైక గుంజుకొని గుండెకు పెట్టుకొని ఏడ్సింది రా. నేను కత్తెర కింద పెట్టిన. అప్పుడొచ్చింది కేరళ నర్సు, సంబూసా నములుకుంట. పిల్లను ఇంగ్లీషుల అడిగి నాకు హిందీల చెప్పింది. వాళ్ల రొమేనియా భాషల దా అంటె అవునట, నూ అంటె వద్దట, ఇయె అంటె ఆ రైకనేనట! ఆ రైక ఆమె నాయనమ్మ తన పెండ్లికి ముందు ఒక చలికాలం మొత్తం కూసోని కుట్టుకున్నదట. ఆ ముసలామె పోయి ఆర్నెల్లు. శుక్రవారం హాస్పిటలోళ్ల దావత్‌ల ఈ పిల్ల అదే ఏసుకోవాలె.

నావేమో తోబులు కుట్టే చేతులు. తెల్ల బట్ట, తెల్ల దారం, నిలువు కుట్టు. నాకు పువ్వులెక్కడియి? అందుకే ఆ టీవీ జూసుడు పెట్టుకున్న. పాట నడుస్తుంటె ఆపి, వాళ్ల చేతులు పెద్దగ చేసి, ఏ పోగు ఎటు పోయిందో జూసిన. చంకకు తోబు బట్ట ముక్క ఏసిన. కోసిన ముక్కను అతికి, రైక లోపలి మడతలకెల్లి పాత దారమే పోగు పోగు గుంజి, అతుకు కనవడకుంట రఫ్ఫు చేసిన. మూడు దినాలు పట్టింది. మీ చిన్నమ్మకు ఫోన్ల చెప్తె, "ఎవలో దా అంటె లేచి పోతవు, నేను రమ్మంటె రెండేండ్లకోసారి వస్తవు" అని రెండు దినాలు మాట్లాడలె.

గురువారం మిర్యాలమ్మ కేరళ నర్సును ఎంటేసుకొని వచ్చి, అక్కడ్నే నిలవడి వాళ్లమ్మకు వీడియో కాల్ చేసింది. ఆమె అద్దాలు పెట్టుకొని, కోసిన జాగ చూపియ్యమన్నది. పిల్ల ఎతికింది, దొరకలె. నాకిచ్చింది. నేనూ ఎతికిన, నాకే దొరకలె! అప్పుడా తల్లి ఏందో అన్నది. కుట్టినాయన మొఖం చూపియ్యి అన్నదని, మిర్యాలమ్మ ఇంగ్లీషుల చెప్తె కేరళ నర్సు నాకు చెప్పింది.

ఇన్నేండ్లల ఎన్ని తోబులు కుట్టిన రా. ఎవలు కుట్టిండ్రని ఒక్కలన్న అడిగిండ్రా? అబద్ధమెందుకు, నాకు ఏడుపొచ్చింది. టేపు మెడల ఉన్నట్టే ఫోన్ ముంగట నిలవడ్డ. ఆ తల్లి రెండు చేతులెత్తి దండం పెట్టింది.

నువ్వు ఏసీ పనికి కొత్తగ వచ్చినవు బిడ్డా. మంచిగ చెయ్యి. ఈ పని చేసినోని మొఖం చూస్తనని అడిగే మనిషి నీకు ఒక్కలన్న దొరకాలె... నాకన్న జెల్ది దొరకాలె.