గ్రీజు పట్టిన పిస్టల్

టెన్నెసీలో ఓ తుపాకుల కొట్టు. కౌంటరు మీద పాత సైనిక పిస్టల్, ఒళ్లంతా గ్రీజు. కొట్టాయనకీ, దాన్ని అడిగి తీయించినావిడకీ మధ్య మాటలు:

"ఇదా మీక్కావాల్సింది? ఏదో దేశపు సైన్యం పనికిరాదని వదిలించుకున్న ఇనప ముక్కమ్మా ఇది!"

"చవగ్గా ఉంది. పేలుతుందా?"

"పేలడానికేం, పేలుతుంది. చొక్కా కింద దాచుకుని బజారుకెళ్తే మాత్రం ఊరంతా కనిపెట్టేస్తుంది. ఆడవాళ్లకిదెందుకండీ? ఈ గులాబీరంగుది చూడండి. లిప్‌స్టిక్‌లా అరచేతిలో ఇమిడిపోతుంది."

"నేను మిమ్మల్ని లిప్‌స్టిక్ అడిగానా?"

"కోపమెందుకూ? మీ మంచికే చెప్తున్నా. ఇంటికెళ్లి మీ ఆయన్ని అడగండి."

"పోయిన క్రిస్మస్‌కి మా ఆయన ఆ గులాబీరంగుదే కొని తెచ్చాడు. ఈ కొట్లోనే. మీరే రిబ్బను కట్టిచ్చారట."

"మరింకేం! అదుండగా ఈ తుక్కెందుకు?"

"విడిపోయినప్పుడు అది పట్టుకుపోయాడు. నిన్న మా ఇంటి ముందు కారాపి, అద్దం దించి, దాన్నే చూపించాడు. మీరన్నట్టే, వాడి అరచేతిలోనూ చక్కగా ఇమిడిపోయింది. ఇక ఆ గ్రీజు తుడిచివ్వండి."