జెట్టీ చివర సిగ్నల్

(కార్ఖానా అనే పేటలో జెరెమియా ఇంటి వరండా. ఆదివారం మధ్యాహ్నం. వాసు విమానం దిగి, నేరేడ్‌మెట్‌లో తన ఇంటికి తాళం చూసి, సరాసరి ఇక్కడికి వచ్చాడు.)

“నవ్వకు జెరెమియా. పెళ్ళాం వెళ్ళిపోయిందని చెబుతుంటే నవ్వుతావేటి?”

“వెళ్ళిపోవుడేందిరా వాసూ. ముందు కూసో. ఆ లాప్‌టాప్ సంచి దించు.”

“కూర్చోను. మీ ఆవిడ హదస్సా ఏది? ఇద్దరూ ఒకే బళ్ళో టీచర్లు కదా, దేవిక తనకేమైనా చెప్పిందేమో అడుగుదామని వచ్చాను.”

“హదస్సా... చర్చి నుంచి అట్లనే ఎటో పోయింది. వస్తది. నువ్వు షురూ నుంచి చెప్పు. అండమాన్‌కి ఇద్దరు కలిసే పోయిన్రు కదా?”

“కలిసే వెళ్ళాం. దేవిక, నేను, లాప్‌టాప్.”

“సముద్రం చూడనీకి లాప్‌టాప్ ఎందుకు?”

“శుక్రవారం మా రిలీజ్ ఉంది. ఏడాదిగా చేసిన సాఫ్ట్‌వేర్ ఆ రోజు కస్టమర్ చేతికి వెళ్ళాలి. టీమ్ లీడ్‌ని నేను. నేను మెయిల్‌లో ఊఁ అంటేనే కదుల్తుంది.”

“అనకపోతే?”

“ఆగిపోతుంది. అంటే, ఆగిపోతుందని నేననుకున్నాను. అందుకే సిమ్ వేసి లాప్‌టాప్‌కి నెట్ పెట్టుకునే డేటా కార్డు కొన్నాను. ఒక కంపెనీది కాకపోతే ఇంకో కంపెనీది తగులుతుందని మూడు సిమ్‌లు పట్టుకెళ్ళాను. పోర్ట్ బ్లెయిర్‌లో దిగగానే ఒకటి చచ్చిపోయింది. నీల్ దీవికి ఓడెక్కాక రెండోది. మూడోది కొన ఊపిరితో ఉంది.”

“అప్పుడైనా మూసేసి సంచిల పెట్టలేదా?”

“పెడితే నేను వాసునెందుకవుతాను? జెట్టీ చివర, ఓడలు కట్టే చోట, సిగ్నల్ దొరుకుతుందని వరహాలు చెప్పాడు.”

“వరహాలు ఎవరు?”

“జెట్టీ మీద టీ కొట్టాయన. మన శ్రీకాకుళం మనిషే. వాళ్ళ నాన్న ఎప్పుడో అక్కడికి వెళ్ళి స్థిరపడ్డాడట. చేపల డబ్బా ఒకటి బోర్లించి ఇచ్చాడు, దాని మీద లాప్‌టాప్ పెట్టుకున్నాను. మూడు రోజులు అదే నా ఆఫీసు.”

“మూడు దినాలు?”

“వచ్చినవాళ్ళందరూ సముద్రం వైపు తిరిగి నిలబడేవాళ్ళు. నేను సముద్రానికి వీపు తిప్పి నిలబడేవాణ్ణి. సిగ్నల్ ఊరి వైపు నుంచి వస్తుంది మరి. కొత్తగా పెళ్ళైన జంటలు ఫోటోలు తీసుకుంటుంటే వెనకాల నేనూ పడ్డాను. ఎవరెవరి ఆల్బమ్‌లలో ఉన్నానో, చేపల డబ్బాతో సహా.”

“నవ్వొద్దంటవ్, మళ్ళ గిట్ల చెప్తవ్. దేవిక ఏం జేసింది?”

“ఒక్కతే నీళ్ళలోకి దిగింది. తాబేలును చూసిందట. తడిబట్టలతోనే పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. ఒక్క నిమిషం అన్నాను.”

“ఆ నిమిషం అయినంక?”

“అవలేదు. మెయిల్ సగం వరకూ వెళ్ళి ఆగేది, మళ్ళీ మొదటి నుంచి. అటు చూస్తుంటే సాయంత్రమైంది. అప్పటికి తాబేలు సంగతి పాతబడిపోయింది.”

“ఆమె ఫోన్‌కి చేయలేదా నువ్వు, ఇన్ని దినాలల్ల?”

“చెయ్యకపోవడమేటి. నిన్న పోర్ట్ బ్లెయిర్ చేరినప్పటి నుంచి చేస్తూనే ఉన్నాను. స్విచాఫ్, స్విచాఫ్. అంత కోపమొచ్చింది తనకి.”

“జెర ఆగు. నీకు రెండు నంబర్లే కదరా. ఆఫీసుదొకటి, సొంతదొకటి. మూడో సిమ్ ఎవరిది?”

“మూడోది...”

“చెప్పు.”

“దేవికది. ఆ కంపెనీదైతే పడుతుందేమోనని అడిగి తీసుకున్నాను.”

“ఇప్పుడది యాడున్నది?”

“డేటా కార్డులో.”

“డేటా కార్డు?”

“ఈ సంచిలో.”

“అంటే నిన్నటి సంది నీ సంచికే ఫోన్ చేస్తున్నవ్.”

“...ఈ మాట హదస్సాతో అనకు.”

“నేననకపోతే ఆమెకు తెల్వదనుకుంటున్నవా? సరే, శుక్రవారం ఏమైందో చెప్పు.”

“పొద్దున్నే వచ్చింది దేవిక. నా ఎదురుగా నిలబడి చాలాసేపు మాట్లాడింది. అప్పుడే మెయిల్ కదలడం మొదలైంది. తొంభై దాటింది. చూపు తిప్పితే ఆగిపోతుందేమోనని భయం.”

“నీ చూపుతోని పోతున్నదా మెయిల్?”

“అప్పుడు అలాగే అనిపించింది. తను ఏదో అడిగింది, సరే అన్నాను. మళ్ళీ ఏదో అడిగింది, అలాగే అన్నాను. నిజంగానా అంది. ఆఁ, నిజంగానే అన్నాను. తర్వాత ఓడెక్కింది. పక్క దీవి చూసి వస్తుందనుకుని చెయ్యి కూడా ఊపాను.”

“చెయ్యి ఊపినవ్.”

“రెండు చేతులూ. మెయిల్ వెళ్ళిపోయింది కదా, ఆ సంతోషంలో. సాయంత్రం వరహాలు అడిగాడు, ‘అమ్మగోరు సామాన్లట్టుకుని ఊరెలిపోనారు గదా బాబూ, మీరెల్లరేటి’ అని. గదికి వెళ్ళి చూస్తే తన పెట్టె లేదు. నా బట్టలు మాత్రం మడతపెట్టి మంచం మీద ఉన్నాయి.”

“మెయిల్ అయితే పోయింది కదా. రిలీజ్ అయిందా?”

“అదీ అడుగు. మర్నాడు పోర్ట్ బ్లెయిర్ రాగానే ఆగిపోయిన మెయిల్స్ అన్నీ ఒక్కసారి పడ్డాయి. అన్నిటికంటే పైన మా టీమ్‌లో రాజబాబుది. మీ ఫోన్ కలవలేదు సార్, గురువారమే చేసేశాం, ఏ ఇబ్బందీ రాలేదు, మీరు హాయిగా తిరగండి అని.”

“గురువారమా?”

“నేను శుక్రవారం ప్రాణాలుగ్గబట్టి పంపింది, అయిపోయిన పెళ్ళికి ఆశీర్వాదం. నవ్వు, ఇప్పుడు నవ్వు. నేనూ నవ్వాను, ఓడ మీద, ఒక్కణ్ణే. తర్వాత నవ్వు రాలేదు. తను ఏమడిగిందో నాకు తెలీదురా. దేనికి సరే అన్నానో తెలీదు. విడిపోదామా అని అడిగిందేమో. నిజంగానా అని కూడా అడిగింది కదా.”

“...నువ్వు విననే లేదా?”

“ఒక్క ముక్క వినలేదు.”

“ఒక్క మాట సుత?”

“లేదన్నాను కదా. ఏం, ఎందుకలా చూస్తున్నావు? నీకు తెలుసా? తను ఇక్కడికి వచ్చిందా?”

“నిన్న వచ్చింది. ఇంటికి పోతే ఒక్కదాన్ని కూసోలేనని రాత్రి మా ఇంట్లనే పండుకున్నది. హదస్సా నీకు చెప్పొద్దన్నది, దేవికే చెప్పాలె అన్నది. నేనేమో నువ్వు అన్నీ తెలిసే వచ్చినవ్, ఊకె తమాషా చేస్తున్నవ్ అనుకున్న.”

“ఏడ్చిందా?”

“ఏడ్చింది. నవ్వుకుంట ఏడ్చింది.”

“నవ్వుతూనా?”

“పాప గురించి అడిగింది వాసూ నిన్ను. హదస్సా వాళ్ళ బడికి పిల్లల హోమ్ నుంచి వస్తదే, ఆ చిన్నది. పోయినేడు నుంచి దేవిక చెయ్యి వదలదు.”

“తెలుసు. తెచ్చి పెంచుకుందామని ఎన్నోసార్లు అడిగింది.”

“నువ్వేమన్నవ్?”

“ఈ రిలీజ్ అయ్యాక చూద్దామన్నాను. ఏ రిలీజ్ అప్పుడు అడిగితే ఆ రిలీజ్ అయ్యాక.”

“ఇంకొకళ్ళు అడుగుతున్నరట ఆ పాపను. మీ మాట శనివారం లోపల చెప్పమన్నరు హోమ్ వాళ్ళు. జెట్టీ మీద అదే అడిగింది. నువ్వు సరే అన్నవ్. అక్కడ్నుంచి ఫోన్ కలవదు, ఆమె సిమ్ నీ దగ్గర. పోర్ట్ బ్లెయిర్ పోయి బూత్ నుంచి చెప్తా, ముందుగ నేను పోతా, నువ్వు పని చేసుకోని రా అన్నది. అలాగే అన్నవ్. రెండు చేతులు ఊపినవ్.”

“అంటే అలిగి వెళ్ళలేదు.”

“అలగుడా? నిన్న మా డైనింగ్ టేబుల్ కాడ కూసోని, మా వాసు ఒప్పుకున్నడని ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఇప్పుడు ఇద్దరు హోమ్‌కే పోయిన్రు.”

“జెరెమియా, నాకు భయంరా.”

“ఎవరి పిల్లో అనా?”

“కాదు. ఎదురుగా నిలబడ్డ పెళ్ళాం మాట వినిపించుకోనివాణ్ణి. ఆ పిల్ల స్కూలు నుంచి వచ్చి ఏదో చెబుతుంటే ఒక్క నిమిషం అంటాను. అంటానని నాకు తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ దాటేశాను. ఆఫీసు పని అనేది మర్యాదగా ఉంటుంది కదా, భయం అని చెప్పడం కంటే.”

“అయితే ఆమెకు అదే చెప్పు. నిజం చెప్పు. నేను విననేలేదు, ఆ సరే నాది కాదు అను. కాదననీకి ఇంకా టైమున్నది.”

“నాది కాదా?”

“నన్నడుగుతవేంది? గేటు తీసిన చప్పుడైంది. వాళ్ళే. నేను చాయ్ పెడతా. ఏం చెప్తవో నీ ఇష్టం.”

“నువ్వెక్కడికి? జెరెమియా, ఉండు.”

“వాసూ, ఎప్పుడొచ్చావు? తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది. అన్నం తిన్నావా?”

“ఇప్పుడే వచ్చాను దేవీ. నువ్వు ఎండలో తిరిగినట్టున్నావు, కూర్చో.”

“పాపకు చెప్పాను నీ గురించి. నీకు బండి ఉందా అని అడిగింది. ఉందన్నాను. ముందు కూర్చోబెట్టుకుంటాడా, వెనకా అంది. ఆయన్నే అడుగు అన్నాను.”

“ముందే. వెనక పడిపోతుంది.”

“వాసూ, హదస్సా లోపలికి వెళ్ళింది కదా, ఒకటి అడగనా? ఓడ కదిలాక నాకు అనుమానం వచ్చింది. నేను చెప్పినంతసేపూ నువ్వు తెర వైపే చూస్తున్నావు. చెయ్యి ఊపావు గానీ, ఎందుకు ఊపావో... రాత్రంతా అదే ఆలోచన. హదస్సాతో కూడా అనలేదు. ఇప్పుడు చెప్పినా ఏం కాదు, హోమ్ వాళ్ళకి నేను సర్దిచెప్పుకుంటాను. ఆ రోజు నేను అడిగింది నువ్వు విన్నావా?”

“విన్నాను.”