గౌరునాయుడి జీపు

“ఒరే తవిటీ! హబ్బులు తిప్పకుండా గెడ్డలో దింపేవంటే కాళ్లిరగ్గొట్టీగల్ను!”

విన్నారా? వీధి చివర్నించి ఆ కేక మా పోలమ్మ వదినది. అవతలి గట్టు మీది బస్తాలకి జీపేసుకుని పోతున్న మరిదిని తిడుతోంది. వాడొచ్చేదాకా మనకి వడ్డించదు గనక, దగ్గరికి జరగండి, ఆ కేక వెనకాల సంగతి చెప్తాను. గెడ్డ రేవులో, అదే వాగు దాటే చోట, చింతచెట్టుంది కదా, దాని కింద మేకైనా పడుకోవడం చూశారా? ఎందుకు పడుకోదు? అక్కడ గౌరునాయుడున్నాడు.

గౌరునాయుడంటే వదిన మొగుడే. మనూరికీ కొండమీద సంతకీ జీపు తోలేవాడు. అది ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిందో దేవుడికే తెలియాలి, మీటరు ముల్లు ఎప్పుడో అలిసిపోయి ఆగిపోయింది. ఇంజను విప్పడం, కట్టడం, మళ్లీ విప్పడం, సంత లేని రోజల్లా దాని కింద పడుకుని గ్రీజు కొట్టడం, అదే ఆయన సంసారం. అన్నానికి పిలిస్తే బండి కింద నించి చుట్టపొగ వచ్చేది గాని మనిషి వచ్చేవాడు కాదు. వదిన చూసి చూసి చల్లారిన కూడు ఒక్కతే తినేది.

సరే, ఆయన జ్వరమొచ్చి పోయాడు, జీపు తమ్ముడు తవిటినాయుడి చేతికొచ్చింది. వీడికేమో చెప్పు తడవకూడదు. ఆ పాత బండికి నాలుగు చక్రాలూ లాగాలంటే లోపల మీట వేస్తే చాలదు, దిగి ముందు చక్రాల హబ్బులు చేత్తో తిప్పాలి. వీడు దిగితే కదా! మీట లాగి “పడిందెహె” అనేసి గెడ్డలో దింపేవాడు, ముందు చక్రాలు ఊరికే దొర్లేవి, వెనక చక్రాలు ఇసకలో కూరుకుపోయేవి, సరిగ్గా ఆ చింత కిందే.

ఒక సాయంత్రం అలాగే దిగబడితే ఇంజను ఆపాడు. ఆపితే ఏం వినిపించాలి? నీళ్ల చప్పుడు. కాదు, బండి కింద టంగుటంగుమని పానా చప్పుడు, ఆ వెనక చుట్ట వాసన, ఆ వెనక గౌరునాయుడి గొంతు! గేరాయిలు ఎప్పుడు చూశావురా, జాయింట్లకి గ్రీజేదిరా, దిగడానికి నీకు కాళ్లు లేవా అని బండబూతులు. జనం కోళ్లనీ బస్తాలనీ వదిలేసి పరుగే పరుగు. దెయ్యాలు వదిలించే దిసారిని తెచ్చారు, టైరు కింద నిమ్మకాయ పెట్టారు. గౌరునాయుడు ఆ దిసారినీ తిట్టాడు. నిమ్మకాయెందుకురా, రాయి పెట్టు అన్నాట్ట!

ఈ మాట వదిన చెవిన పడింది. భయపడిందనుకున్నారా? కొంగు బిగించి పట్టపగలు గెడ్డకి నడిచింది, వెనకాలే గ్రీజుగన్ను పట్టుకుని తవిటి, మేమంతా. చింత కింద ఇంకా దిగబడే ఉన్న బండి పక్కన నిలబడి అందుకుంది: “బతికున్నన్నాళ్లూ దీని కిందే, సచ్చినాకా దీని కిందేనా? పెద్దల దినానికి ఆకేసి, నీకిష్టమని ఎండుచేపల పులుసెట్టి, పొద్దల్లా కూకున్నాను. నువ్వు రానేదు. కాకైనా వాలనేదు. ఈ ఇనప సవితి కోసం మాత్తరం ఒచ్చీసినావు!”

బండి కింద పానా చప్పుడాగిపోయింది.

అప్పుడు వదిన తవిటి చేతిలోంచి గ్రీజుగన్ను లాక్కుని, తానే కిందికి దూరి, జాయింటు జాయింటుకీ కొట్టి, హబ్బులు తిప్పి, “ఇకనించి దీని గ్రీజు నా పని. నువ్వింటికి రా, కూడు చల్లారిపోద్ది” అంది. తవిటి తాళం తిప్పాడో లేదో, బండి దున్నపోతులా లేచి ఒడ్డెక్కేసింది.

ఆ పూట ఆకేసి వడ్డించింది. గుమ్మంలోంచి మేం చూస్తూనే ఉన్నాం, లోపలికి ఎవరూ వెళ్లలేదు. తీరా చూస్తే ఆకు ఖాళీ, చక్కగా మడిచి ఉంది, అంచు మీద నల్లటి గ్రీజు వేళ్లు. వదిన ఏడుస్తుందనుకున్నాం. “సచ్చినా చెయ్యి కడుక్కోడు!” అని మళ్లీ మొదలెట్టింది.

అంచేత ఆ చింత కిందికి వెళ్లకండి. ఆయన ఇంటికి అన్నానికొస్తున్నాడు గాని, అక్కడ డ్యూటీ మానలేదు.

అదిగో తవిటి వచ్చేశాడు. మోకాళ్ల దాకా బురద, చూశారా? దిగాడు వెధవ! వదిన పిలుస్తోంది, లేవండి, వరసగా కూచోండి. తవిటీ, నువ్వూ రా. ఒరే, ఆ చివరాకు దగ్గర కాదు, ఇటు జరుగు.