చెట్లు కనపడే షాటు

దీవుల్లోని జాలరిపేట జంగ్లీఘాట్‌లో గవరయ్య ఇంటి అరుగు. మధ్యాహ్నం మూడు గంటలు. గవరయ్య నెత్తళ్ళు ఎండబెడుతున్నాడు. పదమూడేళ్ళ కిందట అతనితో పాటు సముద్రంలో చేపల వేటకు వెళ్ళి తిరిగిరాని ధనరాజు కూతురు లహరి, ఫోను పట్టుకుని పక్కన కూర్చుంది.

“ఇంకోసారి వద్దమ్మా. చూసినాను కదా.”

“సగమే చూశావు పెదనాన్నా. బోటు సీను రాగానే చేపలు తిరగెయ్యడం మొదలెట్టావు.”

“తిరగెయ్యకపోతే పాడైపోవా.”

“నేను తీసింది పన్నెండు నిమిషాల సినిమా. అంతలో ఏమీ పాడవవు. సరే, ఎలా ఉంది? అది చెప్పు.”

“బాగున్నాది.”

“ఏం బాగుంది?”

“అంతా.”

“అందరిదీ ఇదే మాట. మీ ఇంట్లో ఎరుకమ్మ పెద్దమ్మ ఒక్కతే వేరేగా చెప్పింది. సినిమాలో నిన్ను చూసి, రేషన్ కార్డు ఫోటోలో కూడా ఈయన ఇలాగే ఉన్నాడంది. పొగిడిందో తిట్టిందో తెలీలేదు.”

“తిట్టింది.”

“నాకు బాగుందనేవాళ్ళు వద్దు. రెండుసార్లు పోటీకి పంపాను. రెండుసార్లూ తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో వాళ్ళు చెప్పలేదు కూడా. ఈసారి యుగంధర్ సర్ కూర్చోబెట్టి చెప్పారు.”

“ఎవరాయన?”

“ఫిల్మ్ క్లబ్ నడుపుతారు. ఆదివారం హాల్లో పెద్ద తెర మీద ఐదు సినిమాలు వేస్తున్నారు. నాది ఆరోది. మూడు తప్పులు చెప్పారు. శుక్రవారం లోపల సరిచేసి ఇస్తే దాన్నీ కలుపుకుంటానన్నారు. లేకపోతే బస్, అంతే, అయిపోయింది. మళ్ళీ పెళ్ళి వీడియోలే.”

“పెళ్ళి వీడియోలకేటి. కూడు పెడతన్నాయి కదా.”

“ఇది కూడు కోసం తీసింది కాదు. అమ్మ ఇంతవరకూ చూడలేదు, తెలుసా? ఫోనులో చూపిస్తానంటే వద్దంది. మీ నాన్నని ఇంత చిన్న అద్దంలో చూడను, తెర మీద వేస్తే వస్తానంది. ఎవరింట్లో శుభకార్యమైనా గుమ్మం దాటని మనిషి, ఆదివారానికి చీర తీసి పెట్టుకుంది.”

“కనకం వస్తానందా?”

“ముందు వరసలో కూర్చోబెట్టమంది. అందుకే అంటున్నా. శుక్రవారం లోపల అయిపోవాలి.”

“ఏటి ఆ మూడు తప్పులు?”

“ఒకటి గాలి. మాటలన్నీ గాలిలో కొట్టుకుపోతున్నాయన్నారు. దానికేం లేదు, గదిలో కూర్చోబెట్టి మళ్ళీ చెప్పిస్తాను. నాన్న వేషం వేసిన అప్పలరాముడు భయ్యా రేపు వస్తానన్నాడు. మాటలు హిందీ అక్షరాల్లో రాసిచ్చాను, తెలుగైతే అతనూ చదవలేడు, నేనూ రాయలేను.”

“నాకూ అంతే. మూడో తరగతి.”

“నీకు చదివేదేం లేదులే. నీకున్నది ఒకటే మాట, అది కూడా సగం మింగేశావు.”

“రెండోది చెప్పు.”

“రెండోది నువ్వే.”

“నేనేటి చేసినాను?”

“కోపం తెచ్చుకోకు. ఆయన అన్నది అన్నట్టు చెప్తాను. ఇంజను చెడిపోయి కొట్టుకుపోతున్న బోటు, మూడో రోజు, ధనరాజు ఇంజను చూడబోయి జారి నీళ్ళలో పడ్డాడు. పక్కనున్న మనిషి చెయ్యి అందించేలోగా మునిగిపోయాడు. కథ బాగుంది అన్నారు. పోతూ పోతూ నాన్న అన్న మాట ఉంది కదా, ‘కనకంతో చెప్పు, నాకోసం చూడొద్దని’, ఆ మాట దగ్గర ఆయనకి కూడా కళ్ళు తడిశాయంట. సినిమా మొత్తంలో నిలబడేది ఆ మాటొక్కటే అన్నారు. కానీ ఆ తర్వాత నీ ముఖం చూపిస్తాను కదా. అక్కడ పోయిందన్నారు.”

“ఏటి పోనాది?”

“మునిగిపోతున్న మనిషిని చూస్తున్నట్టు లేదంట. ఖాళీ నీళ్ళని చూస్తున్నట్టుందంట.”

“ఆయన సముద్రం మీదకి ఎల్లినాడా ఎప్పుడైనా?”

“లేదనుకుంటా. టీచరు ఆయన.”

“కనిపెట్టినాడు.”

“ఏంటి?”

“ఏం లేదు. మంచి కళ్ళు ఉన్నాయంటన్నాను.”

“అందుకే, నీ ముఖం ఒక్కటి మళ్ళీ తీస్తాను. రేపు పొద్దున, గంట పని. భాను దీదీ వాళ్ళ బోటు అడిగాను, ఇస్తానంది. నువ్వు అలా కూర్చుని నీళ్ళ వైపు చూడాలి. ఆ రోజు ఎలా చూశావో అలా.”

“రాను.”

“అరె. ఎందుకు?”

“మోకాలు నొప్పి.”

“బోటులో నేనే ఎక్కిస్తాను. కూర్చోవడమే.”

“రేపు నెత్తళ్ళు అంగడికి ఎయ్యాలి.”

“పది గంటలకల్లా వదిలేస్తాను.”

“వద్దమ్మా. ఇంకెవరినన్నా పెట్టుకో.”

“ఇంకెవరిని పెట్టుకుంటాను? ఆ బోటులో ఉన్నది మీరిద్దరు. ఒకరు రాలేదు. ఉన్నవాడివి నువ్వు. సినిమా మొదట్లోనే వేశాను కదా, గవరయ్యగా గవరయ్యే అని. ఇప్పుడు నీ ముఖం మార్చి ఇంకొకరిది ఎలా పెడతాను?”

“నాకు రాదు ఆ ముఖం.”

“వస్తుంది. తీస్తూ ఉంటే వస్తుంది.”

“పదిసార్లు తీసినా రాదు.”

“సరే. అది తర్వాత మాట్లాడుకుందాం. మూడోది చిన్నది. అదైనా చెప్పి పెట్టు, నీకు తెలిసిన పనే. నాన్న మునిగే షాటులో వెనకాల చెట్లు కనపడుతున్నాయి.”

“చెట్లా?”

“ఇదిగో, చూడు. కుడి పక్కన పైన. నల్లగా గీత గీసినట్టు. మేం తీసింది ఒడ్డుకు దగ్గర కదా, నేను చూసుకోలేదు, వచ్చేశాయి. యుగంధర్ సర్ నవ్వారు. నడి సముద్రం అంటావు, వెనకాల దీవి కనపడుతోంది, మరి ఈతొచ్చినవాడు అక్కడికి పోడా అన్నారు. పిల్లలు చేసే తప్పు అన్నారు. ఆ పక్క కత్తిరిస్తే బోటు కూడా సగం పోతుంది. రంగు పూసి నీళ్ళలా చేద్దామా, లేకపోతే ఆ షాటే తీసేద్దామా? చుట్టూ ఎక్కడా నేల కనపడలేదు అన్నావు కదా నువ్వు.”

“ఉండనీ.”

“ఏవి?”

“ఆ చెట్లు. ఉండనీ.”

“ఉండనిస్తే ఎలా పెదనాన్నా? అదే తప్పంటున్నారు.”

“అదొక్కటే తప్పు కాదు.”

“మతలబ్? అంటే ఏంటి?”

“ఫోను కింద పెట్టు.”

“పెట్టాను. చెప్పు.”

“నువ్వు బోటులో ఇద్దరం మెలకువగా ఉన్నట్టు తీసినావు. కొట్టుకుపోతన్న బోటులో ఇద్దరూ మెలకువగా ఉండరు. ఒకడు టార్పాలిను కింద పడుకోవాలి. ఇంకొకడు కాపలా. ఓడ పోతే చొక్కా ఊపడానికి, నేల కనపడితే లేపడానికి. పగలైనా, రాత్రైనా అంతే. ఇద్దరూ పడుకున్నారో, పోనారు.”

“ఇది ముందే చెప్పుంటే అలాగే తీసేదాన్ని. మరి ఆ రోజు కాపలా ఎవరిది?”

“నాది.”

“అందుకే నువ్వు చూశావు, నాన్న పడ్డప్పుడు.”

“ఆ పొద్దున దీవి కనపడినాది. ఇలాగే, నల్ల గీత. పేరేటో తెల్దు. మనుషులుండే దీవి కాదు. ఈదిపోదామన్నాడు మీ నాన్న. నీటి లాగుడు అటే ఉన్నాది, అదే పట్టుకెళ్తాది, బోటు వదలకూడదన్నాను. మాటా మాటా అనుకున్నాం. నువ్వు పిరికోడివి అన్నాడు. నీకు నీళ్ళు లేక మతిపోయినాది అన్నాను. తర్వాత సాయంత్రం దాకా చూద్దాం అన్నాడు, ఒప్పుకున్నాడు. మధ్యాహ్నం కాపలా నాకొచ్చినాది. ఆయన టార్పాలిను కిందకి ఎల్లినాడు.”

“టార్పాలిను కింద ఉన్నాడా? మరి ఇంజను?”

“ఇంజను జోలికే పోలేదు. అది మొదటి రోజే చచ్చిపోనాది.”

“మరి జారిపడ్డాడన్నావు కదా?”

“అన్నాను.”

“చెప్పు.”

“పడుకుండిపోనాను.”

“ఎవరు?”

“నేను. కాపలాలో. కూర్చున్నోడిని కూర్చున్నట్టే. ఎంతసేపో తెల్దు. లేచేసరికి పొద్దు దిగిపోనాది. టార్పాలిను ఎత్తితే మనిషి లేడు. డీజిలు డబ్బా, ఖాళీది, అది కూడా లేదు. దాన్ని పట్టుకుంటే తేలుతాది. గీత వైపు చూసినాను. ఆ గీత దాకా ఖాళీ నీళ్ళే. యుగంధర్ సారు చెప్పినాడే, అవే.”

“అంటే నువ్వు... ఆగు. నువ్వు చూడలేదా?”

“లేదు.”

“మునిగిపోవడం చూడలేదా?”

“చూళ్ళేదు తల్లీ.”

“మరి నాన్న అన్న మాట?”

“ఏ మాటా అనలేదు. నన్ను లేపలేదు కూడా. లేపితే ఆపుతానని తెలుసు.”

“‘నాకోసం చూడొద్దని చెప్పు’?”

“నేను కట్టినాను.”

“ఎందుకు పెదనాన్నా?”

“కాపలాలో పడుకున్నోడిని ఎవడు బోటెక్కించుకుంటాడు? అప్పుడు నాకు ముగ్గురు పిల్లలు. పడిపోనాడు, మునిగిపోనాడు అంటే ఎవరూ ఏటీ అడగరనుకున్నాను. తర్వాత కనకం నా కాళ్ళ దగ్గర కూర్చుని, ఆయనేటన్నాడు, ఆఖర్న ఏటన్నాడు, అని ఒకటే అడగడం. ఏటీ అనలేదని ఎలా చెప్పను? ఏదో ఒకటి ఇవ్వాలనిపించినాది. ఆ మాట వచ్చినాది.”

“ఆ మాట విని అమ్మ పదకొండో రోజున బొట్టు తీసేసింది. శవం లేకుండా కర్మ ఏంటని మా తాత గొడవ పెడితే, ఆయనే చూడొద్దన్నాడు కదా అంది. నేను పక్కనే ఉన్నాను. పదేళ్ళు నాకు. అదే సీను తీశాను. అమ్మ గాజులు అడిగి తెచ్చి మరీ తీశాను.”

“చూసినాను.”

“చూశావా? చేపలు తిరగేస్తున్నావు కదా.”

“అది చూసినాను.”

“తీస్తున్నన్ని రోజులూ పక్కనే ఉన్నావు. ఒక్కసారైనా...”

“చెప్దామనే వచ్చీవోడిని. నువ్వు కెమెరా పెట్టీసి, మాట్లాడు పెదనాన్నా అంటే, ఆ పాత మాటే వచ్చీది. పదమూడేళ్ళు అదే చెప్పినాను. నోరు దానికే అలవాటు పడిపోనాది.”

“మళ్ళీ బోటెక్కావా నువ్వు? అంత అబద్ధం ఆడావు కదా, ఎక్కావా?”

“లేదు. రమ్మన్నారు, అందరూ పిలిచినారు. కాలు పడలేదు.”

“ఆదివారం నేనేం వెయ్యాలి ఇప్పుడు?”

“నాకు తెల్దు.”

“గాలి తీసేస్తాను. చెట్లు ఉంచుతాను. నీ ముఖం ఉంచుతాను, అదే నిజం కదా. అందరూ ఏడ్చిన ఆ ఒక్క మాట తీసేస్తాను. ఇంకేం మిగిలింది సినిమాలో? అమ్మ ముందు వరసలో కూర్చుని ఏం చూస్తుంది?”

“వెయ్యకు.”

“వెయ్యకపోతే? హాలుకి వస్తానన్న మనిషికి ఏం చెప్పాలి? కరెంటు పోయిందనా? నీలాగ నేనూ ఒకటి కట్టనా?”

“నేను వచ్చి కనకానికి చెప్తాను.”

“ఏం చెప్తావు? నీ కాపలాలో పడుకున్నావనా? ఆవిడ క్షమించేస్తుంది, తెలుసా? మనిషన్నాక నిద్ర రాదా అంటుంది. మూడు రోజులు నీళ్ళు లేవు, ఎవరైనా పడుకుంటారు అంటుంది. నేనూ అదే అనుకుంటున్నాను, ఇక్కడ కూర్చుని. ఎలాగూ అంత దూరం ఈదలేక మునిగిపోయే ఉంటాడు. నువ్వు చూసినా చూడకపోయినా ఆ రోజే పోయుంటాడు. కదా? ఏం పెదనాన్నా, అంతే కదా? అంతే అను.”

“మర్నాడు పొద్దున సరుకు ఓడ ఒకటి నన్ను ఎక్కించుకున్నాది.”

“తెలుసు. సినిమాలో ఉంది.”

“అప్పటికే మా కోసం హెలికాప్టరు తిరుగుతున్నాది. నన్ను ఒడ్డుకి తెచ్చినాక ఆ వెతికేవోళ్ళు వచ్చినారు. రెండో మనిషి ఏడీ అని అడిగినారు. చెప్పు, ఎటు వైపు వెతకాలి, పొద్దు ఉన్నాది, ఇప్పుడే లేస్తాం అన్నారు. బయట రెక్కలు తిరుగుతున్నాయి, మాట సరిగ్గా వినపడలేదు. మళ్ళీ అడిగినారు.”

“నువ్వేం చెప్పావు?”

“మునిగిపోతే కళ్ళారా చూసినానని చెప్పీసాను. రాసుకున్నారు. బయటికెళ్ళి రెక్కలు ఆపీసినారు.”