ఓడగంట లోపలి రెండు పేర్లు

ఆ పుస్తకం అవతల పెట్టు హిల్డా వదినా. చదివాన్లే. మన టస్కెట్ ఓడ ఇరవై ఏళ్ల కొలువంతా నాలుగు పేజీల్లో సర్దేశారు. యుద్ధంలో సరుకు ఓడలకు కాపలా, కొరియా తీరంలో రెండు విడతలు, చివర్న ఒక్క వాక్యం: "ఆవిరి గొట్టం పగిలి, మిత్రుడి బదులు పనిలో ఉన్న క్లైడ్ మరణించాడు."

ఆ మిత్రుడు నా కొడుకే. తెలిసి కూడా, ఆదివారం వాడి కూతురికి జ్ఞానతల్లిగా నిలబడతానన్నావు. అదీ, ఇప్పుడు మన చర్చిలో ఉన్న ఆ ఓడగంటలోనే బాప్తిస్మం.

గుర్తుందా, మన పిల్లలిద్దరికీ ఒకే రోజు, ఆ ఓడ మీదే, ఆ గంట తిరగేసి, అందులో నీళ్లు పోసి బాప్తిస్మమిచ్చారు. ముందు మా లోరన్, తర్వాత మీ క్లైడ్. "మీవాడు వదిలిన నీళ్లా మావాడికి?" అన్నావు. గంట లోపల పేర్లు చెక్కే నావికుడు కూడా నవ్వాడు.

పెద్దయ్యాక ఇద్దరూ అదే ఓడెక్కారు. అదే బాయిలరు గది.

ఆ ఏప్రిల్లో సెయింట్ జాన్స్ రేవు నుంచి లోరన్ ఉత్తరం రాశాడు. ఆవిరి గొట్టానికి అతుకేశారట, దాని కింద నిలబడాలంటే భయమట. ఎవరితోనూ అనొద్దన్నాడు.

నేను ఓడకి టెలిగ్రాం కొట్టాను. తల్లికి ప్రాణం మీదికొచ్చింది, పంపండి, అని.

జబ్బా? ఏ జబ్బూ లేదు. నువ్వు చేపల పులుసు కాచి తెచ్చావే, దుప్పటి కప్పుకుని అదంతా తాగాను.

లోరన్ దిగిపోయాడు. వాడు వదిలిన చోట మీవాడు నిలబడ్డాడు. లోరన్‌కి ఇప్పటికీ తెలీదు. అమ్మ బతికింది, అదే చాలనుకుంటాడు.

అలా చూడకు. ఇంకా ఉంది.

ఆ రోజు టెలిగ్రాం ఇచ్చి వస్తుంటే, దడి అవతల నువ్వు బట్టలారేస్తున్నావు. పిల్లల దగ్గర్నుంచి కబురేమైనా వచ్చిందా అనడిగావు. ఉత్తరం నా కోటు జేబులోనే ఉంది.

"గాలి బాగుంది, తొందరగా ఆరతాయి" అన్నాను.

నీకూ చెప్పుండొచ్చు. నువ్వూ ఒకటి కొట్టేదానివి. కానీ ఒకే ఓడలో ఇద్దరి తల్లులకీ ఒకేసారి జబ్బంటే ఎవరు నమ్ముతారు? ఇద్దర్లో ఎవర్నీ పంపరనిపించింది.

అందుకని ఊరుకున్నాను. సాయంత్రం మంచమెక్కాను.

ఆదివారం వస్తావో రావో, నీ ఇష్టం.

నిన్న చర్చివాళ్లు గంట తోమమని నాకే ఇచ్చారు. మీవాడి పేరు తోమాను. మావాడి పేరు దగ్గరకొచ్చేసరికి చెయ్యాడలేదు వదినా.