బూట్లా, మోటారా?

బోనసు అందిన బస్సు కండక్టరూ, దర్జీ పని చేసే అతని భార్యా చెప్పుల షాపుకీ కుట్టు మిషన్ల షాపుకీ మధ్యనున్న మెట్ల మీద ఆగారు. కొనగలిగేది ఒక్కటే. ఎవరికి కావలసింది వాళ్ళు అడగకూడదు, ఎదుటివాళ్ళ వస్తువు కోసం వాదించాలి, నెగ్గినవాళ్ళు చెప్పిందే కొనాలి. పెళ్ళయిన కొత్తలో ఆమె పెట్టిన రూలు అది.

"మీకు బూట్లే కొనాలి. రోజంతా నిలబడే ఉద్యోగమాయె. అడుగున అట్టముక్క పెట్టి నెట్టుకొస్తున్నారు," అని ఆమె మొదలుపెట్టింది.

"నీ మిషనుకి మోటారు కొందాం. తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరిగిపోయాయి."

"నా మోకాళ్ళకేం, గుండ్రాయిలా ఉన్నాయి! వానొస్తే మీ బూట్లలో చేపలు పెంచుకోవచ్చు."

"నిజమేనే."

"నిజమేనంటే? వాదించరేం?"

"ఇంకేం తోచట్లేదు. నువ్వే గెలిచావు. పద, బూట్లు కొందాం."

ఆమెకు అనుమానం వచ్చింది. "ఏవండీ, సీటు కోసం కొట్టుకునే బస్సెడు జనాన్ని నోటితోనే కూర్చోబెడతారు. నా దగ్గర మాటలు అయిపోయాయా?"

"పోయినసారి నాకు చలికోటు కొనాలా, నీకు ఇస్త్రీపెట్టె కొనాలా అన్నప్పుడు నువ్వు రెండు మాటలకే ఓడిపోయావు. ఇస్త్రీపెట్టె ఇంటికొచ్చింది. అప్పుడే నేర్చుకున్నా."

ఆమె నాలుక కరుచుకుంది. "కనిపెట్టారా? మరి అప్పుడే అడగలేదేం?"

"అడిగితే ఇవాళ నాకు బూట్లొచ్చేవా?"

ఆమె పకపకా నవ్వి చెప్పుల షాపు తలుపు తోసింది.

"సరే, పదండి. వచ్చే బోనసుకి మాత్రం నేను ఇంటి దగ్గరే మూగనోము పట్టి బయల్దేరతాను."