రాణిగారి మేనాలో గొంతు

నా పేరు కొపనాతి అబ్బులు. తండ్రి పల్లంరాజు. వయస్సు నలభై ఆరు. వృత్తి ఎండుచేపల వర్తకం. కాపురం ధవళేశ్వరం. వీధిబడిలో మూడేళ్ళు చదివాను, మిగతాది సంతల్లో నేర్చుకున్నాను.

ముందుగా కోర్టువారి సముఖంలో ఒక సంగతి ప్రకటిస్తున్నాను. నా మీసం పుట్టు నలుపు, దానికి ఎన్నడూ రంగు వేసి ఎరుగను. ఇది రాయనని గుమాస్తాగారు అన్నారు. మేజిస్ట్రేటుగారు రాయమన్నారు.

1896 డిసెంబరు 14, సోమవారం పగలు పదకొండు గంటలకు నేనూ, మా చెల్లెలు రత్తమ్మ భర్త లోవరాజూ రాజమహేంద్రవరంలో పాత రాజావారి మేడ చూడటానికి వెళ్ళాం. ఆ వంశం అంతరించాక సర్కారువారు అక్కడ పాత కత్తులు, పల్లకీలు, ఊరి పాత పటాలు పెట్టి జనానికి చూపిస్తున్నారు. అందులో బతికున్నది కావలి ఆశీర్వాదం ఒక్కడే గనుక మేము దాన్ని చచ్చిన కాలేజీ అంటాం. అతను చెప్పులు విప్పించాడు. లోవరాజు విప్పడమే కాక ఖాళీ సింహాసనానికి దణ్ణం పెట్టాడు.

అంతఃపురం గదిలో రాణిగారి మేనా ఉంది. దానికి తలుపులున్నాయి, బయట ఇత్తడి గడియ ఉంది. ఆశీర్వాదం పక్క గదిలోకి వెళ్ళగానే, "ఎక్కు బావా, ఒక్కసారైనా రాణీ అనిపించుకో," అన్నాను. "ఎవరైనా చూస్తే బాగోదు బావా," అంటూనే ఎక్కాడు. నేను గడియ పెట్టాను. బావను ఏడిపించడం నేరమైతే ఈ గోదావరి జిల్లాలో జైళ్ళు చాలవు.

అప్పుడు మేనాలో ఒక ఆడగొంతు నవ్వింది. గడియ లాగాను, రాలేదు. నవ్వు ఆగాక వచ్చింది. బావ మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. గోళ్ళలో రక్తం. తలుపు లోపలి రంగు గీరుకుపోయి ఉంది. అప్పటినుంచి అతనికి మాట లేదు. ఠాణాలోనూ, రత్తమ్మతోనూ ఇదే చెప్పాను.

మూసిన చోటంటే అతనికి భయమని నాకు తెలుసా అని మేజిస్ట్రేటుగారు అడిగారు. తెలుసు. వరదలో తిరగబడిన నావ కింద ఒక పూటంతా ఉండి బతికినవాడు. వానాకాలంలో కూడా తలుపు తీసుకునే పడుకుంటాడు. మా వీధిలో అందరికీ తెలుసు.

ఆడగొంతు సంగతి విని రత్తమ్మ భూతవైద్యుడు వీరబ్రహ్మాన్ని పిలిపించింది. రాణిని దింపుతానని అతను మూడు రోజులుగా బావను కట్టేసి, మిరపకాయల పొగ వేసి, వేపమండలతో కొడుతున్నాడు. తలుపులు మూసి కొడుతున్నాడు. వీపు చీరుకుపోయింది. తలుపులు మూసే కొడుతున్నాడు. నిన్న వద్దని అడ్డం వెళ్ళాను.

"నువ్వే కదా అన్నయ్యా, నీ చెవులతో విన్నానన్నావు," అంది రత్తమ్మ. "అది పోకపోతే నా మొగుడు నాకు దక్కడు."

నా నోట వచ్చిన నిజాన్ని నమ్మే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. కోర్టు ముద్ర ఉంటే నమ్ముతారని ఇక్కడికి వచ్చాను. ఈ కాగితం ఇవాళే జవానుకిచ్చి మా ఇంటికి పంపించమని వేడుకుంటున్నాను.

చెప్పినదంతా నాకు చదివి వినిపించారు. ఒక్కటి తప్ప అంతా నిజం. ఆడగొంతు నేను పూర్తిగా కల్పించాను. గడియ మీద నా చెయ్యి ఉంది. లోపల వినిపించింది మా బావ గొంతు. "బావా, తియ్యి," అంటోంది. అది ఆగేదాకా నేను నవ్వుతూనే ఉన్నాను.

కొపనాతి అబ్బులు చేవ్రాలు
18 డిసెంబరు 1896